ఎంగిలి కాని ఊపిరి

శవం నోట్లో మౌత్‌పీస్ ఉందని పంచనామాలో రాశారు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అరుణ్ కుమార్ కేసు చుట్టేయడానికి సిద్ధమయ్యాడు. సరిగ్గా ఆ వాక్యం దగ్గరే, జిల్లా క్రైమ్ విభాగం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ కృపారాణికి గొంతులో ముల్లు గుచ్చుకుంది.

"నోట్లో మౌత్‌పీస్ ఉండాది. వీపున సిలిండర్లో సగానికి పైగా గాలి ఉండాది. మరి మనిషి నీళ్ళు మింగి ఎట్ల సచ్చిపోయినాడప్పా?" అంది కాగితాలు బల్ల మీద పడేస్తూ.

"ఎట్లనో సచ్చిపోయినాడు. మొదటిసారి మునిగినోడు, బెదిరినాడు. పక్కనున్న గైడు కాపాడలేకపోయినాడు. నిర్లక్ష్యం. సాయంత్రం వాణ్ణి కోర్టులో పెడ్తాండా. ఇంత మాత్రానికి నువ్వు కర్నూలు నుంచి జీపు ఏసుకోని రావల్నా కృపా?" అన్నాడు అరుణ్ కుమార్. ఇద్దరూ ఒకే బ్యాచ్. ట్రైనింగులో ఒకే గ్రౌండులో పరుగులు తీసినవాళ్ళు. ఆ చనువు మిగిలింది గానీ, ఇష్టం ఎప్పుడో ఎండిపోయింది.

నిన్న గురువారం పొద్దున గుండ్లేరు రిజర్వాయరు మీద 'నీలధార' లాంచి బయల్దేరింది. బిందెడు మంచినీళ్ళకు జుట్లు పట్టుకునే సీమలో, నీళ్ళల్లో మునగడానికి టికెట్టు కొనుక్కునే రోజులు కూడా వచ్చాయి. ప్రాజెక్టు కింద మునిగిపోయిన పాత ఊరి గుడిగోపురం పైన లంగరు వేస్తారు. ఈత రానివాళ్ళకు మాస్కూ నోటి గొట్టమూ ఇచ్చి, లైఫ్ జాకెట్ తొడిగి, నీటి మీద బోర్లా తేలుస్తారు. అది స్నార్కెలింగ్. ఇంకాస్త గుండె ఉన్నవాళ్ళ వీపుకు సిలిండరు కట్టి, దాని గాలిని నోటికి అందించే రెగ్యులేటరు తగిలించి, గైడు చెయ్యి పట్టుకుని గోపురం దాకా దించుతాడు. అది స్కూబా. నిన్న అట్లా దిగిన పత్తికొండ టమోటా మండీ యజమాని రాఘవేంద్ర శవమై పైకొచ్చాడు. దించిన గైడు నెహెమ్యా డ్యామ్ పక్కనున్న పోలీసు అవుట్‌పోస్టులో ఉన్నాడు. వాడి తల్లి జీవమ్మ కోసిగి నుంచి కర్నూలు చేరి ఎస్పీ గారి కారుకు అడ్డం పడింది. అందుకే కృపారాణి వచ్చింది. సాయంత్రం కోర్టు వేళలోపు ఏదో ఒకటి తేలకపోతే ఆ కుర్రాడు జైలుకు పోతాడు.

జీవమ్మ అవుట్‌పోస్టు మెట్టు మీదే కూర్చుని ఉంది. కృపారాణి లోపలికి పోతుంటే కాళ్ళు పట్టుకోలేదు, ఏడవలేదు. "నా కొడుకు అబద్ధం చెప్పడు తల్లీ. అడిగేటోళ్ళు అడిగితే చెప్తాడు" అంది, అంతే.

నెహెమ్యా లేచి నిలబడ్డాడు. తల్లిదండ్రుల వెంట సుగ్గికి, కూలి పనులు వెతుక్కుంటూ వలసపోయి, గోవాలో డైవింగ్ పడవల మీద సిలిండర్లు మోసి, ఆ పనే నేర్చుకుని వచ్చినవాడు. సొంత జిల్లాలో ఉద్యోగం దొరికిందని నిరుడు చర్చిలో కృతజ్ఞత కానుక కూడా వేశాడట. ఇప్పుడు కళ్ళు వాచి ఉన్నాయి.

"ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు."

"నిచ్చెన కాడ గాలి పీల్చేది నేర్పిచ్చినా మేడం. ఆయప్ప బాగనే పీల్చె. తాడు పట్టుకోని దిగినాం. గోపురం కాడికి పోయినాంక తల అట్ల పక్కకు తిప్పె. అంతే, కొట్టుకోవడం మొదలుపెట్టె. నా కాడ పచ్చ రెగ్యులేటరు ఇంకొకటి ఉంటాది, ఎవరికన్నా గాలి అందకుంటే ఇచ్చేది. అది నోటికి పెట్టబోతే పళ్ళు గట్టిగా బిగపట్టినాడు. ఎంత గుంజినా ఇడ్సలే. ఇంగ జాకెట్టు పట్టుకోని పైకి తెచ్చినా."

"పళ్ళ నడుమ ఏముండె?"

"మౌత్‌పీసే మేడం."

"దాన్ని రెగ్యులేటరుకు బిగించింది ఎవరు?"

నెహెమ్యా నేలకేసి చూశాడు. ఇంతసేపూ గడగడా చెప్పినవాడి నాలుక ఒక్కసారిగా మొద్దుబారింది.

"నువ్వేనా?"

"నేనే అనుకో మేడం."

"అనుకునేదేంది? బిగించింటే బిగించినా అను. ల్యాకుంటే లేదను."

వాడు మళ్ళీ నోరు తెరవలేదు. గోడకు ఆనుకున్న అరుణ్ కుమార్ మెల్లగా చప్పట్లు కొట్టాడు. "చూసినావా? వాడే ఒప్పుకుంటాండాడు. నీకేమో నమ్మకం కుదరదు."

కృపారాణికి ఒళ్ళు మండింది. నేరం చేసినవాడి మౌనం ఆమె చాలాసార్లు చూసింది. ఇది అది కాదు. ఇది అవమానం మింగినవాడి మౌనం. తనకు బాగా తెలిసిన మౌనం.

*

సీజ్ చేసిన సంచీ చేతికి తీసుకుని ఆమె లాంచి ఎక్కింది. అరుణ్ కుమార్ కూడా వెనకే వచ్చాడు. రాకపోతే ఆమె ఏం తవ్వుతుందో అని అతని భయం.

సంచీలోని సామాను లాంచి అడుగు చెక్కల మీద పరిచింది. సిలిండరు, జాకెట్టు, నల్ల రెగ్యులేటరు. వీటితోపాటు చిన్న కవర్లో విడిగా, పళ్ళ గాట్లు పడిన రబ్బరు మౌత్‌పీస్. దానికి తగులుకుని తెల్లటి ప్లాస్టిక్ ట్యాగ్ ఒకటి వేలాడుతోంది.

"ఇవి రెండూ విడివిడిగా ఏంటికుండాయి అరుణ్?"

"ఆస్పత్రిలో నోట్లోంచి తీసేటప్పుడు ఊడింటాది."

"నేను వచ్చేటప్పుడు మార్చురీ కాడ ఆగొచ్చినా. అక్కడోళ్ళు శవం నోట్లోంచి తీసింది ఒట్టి రబ్బరు ముక్కనే. రెగ్యులేటరు అప్పటికే దాని నుంచి ఊడిపోయి వీపు మీద పడి ఉండిందంట." ఆమె రబ్బరు ముక్కను రెగ్యులేటరు మూతికి పెట్టి చూపించింది. "గాలి వచ్చేది ఇందులోంచి. పళ్ళతో కరిచిపట్టేది దీన్ని. ఈ రెండింటినీ పట్టి ఉంచేది ఈ ట్యాగ్. ట్యాగ్ తెగితే మౌత్‌పీస్ నోట్లోనే ఉంటాది, గాలి మాత్రం ఉండదు. పీల్చితే నీళ్ళే. నువ్వు నోట్లో మౌత్‌పీస్ ఉండాదని రాసుకుని, గాలి కూడా ఉండాదనుకున్నావు."

ఆమె ట్యాగ్‌ను ఎండకు ఎత్తి పట్టింది. తెగిన చోట ఒక అంచు నున్నగా ఉంది, బ్లేడుతో కోసినట్టు. మిగిలిన కొంచెం మాత్రం సాగి, పీచులు లేచి తెగింది. ముప్పావు వంతు ముందే కోసి ఉంచారు. తల తిప్పగానే మిగతా పావు వంతూ తెగింది.

లాంచిలో ఉన్న మిగతా రెగ్యులేటర్లన్నీ ఆమె ఒక్కొక్కటే తిప్పి చూసింది. అన్నిటికీ నల్ల ట్యాగులే. ఒక్కదానికి మాత్రం తెల్లది. అది గట్టిగా, కోత లేకుండా ఉంది.

"బొజ్జన్నా!" అని కేక వేసింది.

లాంచి నడిపే బొజ్జన్న స్టీరింగు గదిలోంచి దిగాడు. నడివయసు మనిషి, ఎటూ తేల్చని ముఖం.

"ఈ తెల్ల ట్యాగులు యాడివి?"

బొజ్జన్న అరుణ్ కుమార్ వైపు చూశాడు. అరుణ్ కుమార్ నీళ్ళ వైపు చూశాడు.

"నన్ను చూసి చెప్పు. ఆయప్ప నీకు జీతమియ్యడు."

"ఆ సారే తెచ్చుకున్నాడు మేడం, సచ్చిపోయిన సారు. ‘ఊరోళ్ళందరూ నోట్లో పెట్టుకున్న ఎంగిలిదాన్ని నేను పెట్టుకోవల్నా?’ అని, ఇంటికాడ్నుంచే కొత్త మౌత్‌పీసులు రెండు తెచ్చె. ఆయప్పకొకటి, పెండ్లానికొకటి. ట్యాగులు గూడా ఆయప్పవే, టమోటా సంచులకు ఏసేటివంట. మా నెహెమ్యా బిగిస్తానని చెయ్యి పెట్టబోయె."

"ఆ తర్వాత?"

"‘నీ పేరేందిరా?’ అనె. ‘నెహెమ్యా సార్’ అనె వీడు. ‘ఓహో, నెహెమ్యానా! అయితే అస్సలు ముట్టొద్దు, దూరంగా ఉండి ఎట్ల బిగించల్నో చెప్పు, నేనే బిగించుకుంటా’ అనె. కూడా వచ్చిన వాళ్ళ బంధువులందరూ పడీపడీ నవ్విరి. వీడు చేతులు వెనక్కి పెట్టుకోని చెప్పె. ఆయప్పే రెండూ బిగించుకునె. పెండ్లానిది ఎడం పక్క పెట్టె, తనది కుడి పక్క పెట్టె. ఎవరైనా ముట్టుకుంటే మర్యాద దక్కదు అని చెప్పి, గురువారం స్తోత్రం చదువుకోవల్లని లాంచి పై డెక్కు మీదికి పోయె."

"ఇది నిన్న ఏంటికి చెప్పలే?"

"నెహెమ్యానే కాళ్ళు పట్టుకునె మేడం, చెప్పొద్దన్నా అని. తిట్టినాడని తెలిస్తే, ఆ కోపానికే సంపినా అంటారని వాని భయం."

బొజ్జన్నను పంపేశాక కృపారాణి బ్యాచ్‌మేట్ వైపు తిరిగింది. "విన్నావు గదా? నెహెమ్యా వేలు కూడా తగల్లే దానికి."

అరుణ్ కుమార్ నవ్వాడు. ఆ నవ్వులో చేదు తప్ప ఇంకేం లేదు.

"నాకు నిన్ననే తెలుసు."

"ఏంది?"

"బొజ్జన్న తాగినాడంటే కడుపులో ఏదీ దాచుకోడు. ఆ నవ్వుల కథ నిన్న సాయంత్రమే నా చెవిన పడె. రాసింటే ఏమౌతాది? అవమానం, ఆ పైన పగ, ఆ పైన హత్య. రాఘవేంద్ర నాయన తిమ్మయ్యకు పత్తికొండ నుంచి అమరావతి దాకా మనుషులుండారు. నెహెమ్యాకు యావజ్జీవం పడేదాకా ఆయప్ప నిద్రపోడు. అందుకే నేను నిర్లక్ష్యమని రాసినా. రెండేండ్లకో మూడేండ్లకో బయటికొస్తాడు. నువ్వు తవ్వకు కృపా. తవ్వేకొద్దీ ఆ గుంత వానికే అయితాది."

"చెయ్యని తప్పుకు మూడేండ్లు లోపలుండమనేది కాపాడ్డమా?"

"మనబోటోళ్ళకు అంతకంటే మంచి కాపాడ్డం యాడుండాది? నువ్వూ నేనూ వాడూ ఒకే ప్రార్థన చేసేటోళ్ళం. వాణ్ణి వదిలేస్తే ‘వాళ్ళోడు కాబట్టి వదిలినారు’ అని మరుసటి రోజే నా బదిలీ కాగితం వస్తాది. నీకు మెడల్ కావల్ల. నేను ఈడ బతకల్ల."

"నాకు మెడల్ వద్దు. నిజం కావల్ల."

"నిజం కావల్నంటే చర్చికి పో. ఈడ కేసులుంటాయి, నిజాలుండవు."

చెంప పగలగొట్టాలనిపించింది ఆమెకు. అతని మాటలో కొంత నిజం ఉండడమే ఆ కోపానికి కారణం. అయినా చేతిలో కోసిన ట్యాగ్ ఉంది. కోసినవాడెవడో తేలితే నెహెమ్యా బయటపడతాడు. ఆ నమ్మకంతోనే ఆమె లాంచి దిగింది.

*

రాఘవేంద్ర కుటుంబం డ్యామ్ గెస్ట్‌హౌస్‌లో దిగింది. శవాన్ని అప్పగించే కాగితాల కోసం తండ్రి తిమ్మయ్య బంధువులతో వరండాలో కూర్చుని ఫోన్లు చేస్తున్నాడు. కృపారాణి మహిళా కానిస్టేబుల్ని తలుపు దగ్గర నిలబెట్టి, భార్య శ్రావణిని ఒంటరిగా కూర్చోబెట్టింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఏడ్చిన జాడ లేదు. అలవాటు లేని నిశ్శబ్దంలో కూర్చున్న మనిషిలా ఉంది.

"లాంచిలోవాళ్ళు చెప్పిరి, మొదట దిగల్సింది నువ్వంట గదమ్మా?"

"అవును మేడం. ఆయనే అనె, ముందు నువ్వు పో, నేను వీడియో తీస్తా అని. నాకు ఈత రాదు. ఈత రాకపోయినా ఏం కాదు, ఆ పిల్లోడు పట్టుకుంటాడు అనె."

"మరి ఏంటికి దిగలే?"

"నిచ్చెన కాడ ఆ పిల్లోడు అదంతా తగిలిచ్చి నోట్లో పెట్టుకోమనె. ముఖం నీళ్ళలో పెట్టి గాలి పీల్చినా. బాగనే వచ్చె. కానీ గుండె దడదడ కొట్టుకునె. వద్దు నాయనా, నేను పోనంటి. అదంతా ఇప్పేసి, గొట్టం పెట్టుకోని అందరితో పాటు పైపైన తేలతా ఉంటి. ఆయన స్తోత్రం ముగించుకోని కిందికొచ్చేసరికి నేను నీళ్ళలో ఉంటి. ‘దిగలేదా నువ్వు?’ అని శానా కోపం చేసినాడు. మామ ముందర, బంధువుల ముందర, అంత కోపం."

"నీకు తగిలిచ్చింది ఎడం పక్కదా, కుడి పక్కదా?"

"నాకేం తెల్సు మేడం? ఆ పిల్లోడు ఏది తెస్తే అది."

కృపారాణి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మీ ఇద్దరూ ఎట్ల ఉండేటోళ్ళు?"

శ్రావణి తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించింది. "ఆదోనిలో ఇంకొక కాపురం ఉండాది. నిరుడు ఆయమ్మకు కొడుకు పుట్టినాడు. నన్ను విడాకులియ్యమని కొట్టినాడు, తిట్టినాడు. నేనియ్యలే. యాడికి పోవల్ల నేను? పోయిన నెల ఉన్నట్టుండి మంచోడైపోయె. పన్నెండేండ్లలో సినిమాకు గూడా పిలుచుకోని పోనోడు, పా, లాంచిలో పోదాం, నీళ్ళ కింద గుడి చూపిస్తా అనె. నేను దానికే మురిసిపోయి కొత్త చీర కొనుక్కుంటి." ఆమె మొదటిసారి ఏడ్చింది. "మారినాడనుకుంటి మేడం."

కృపారాణి కిటికీ వైపు తిరిగింది. ఎండాకాలం నడిమధ్యాహ్నం, బయట బండలు పేలిపోయే ఎండ.

తెల్ల ట్యాగులు రెండు. రెండూ బిగించింది రాఘవేంద్ర ఒక్కడే. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. కోసి ఉన్నది ఒక్కటే. కోసినవాడు తెలిసి తెలిసి తన నోట్లో పెట్టుకోడు. అంటే ఎడం పక్కన ఉండాల్సింది కుడి పక్కకు వచ్చింది. ఎవరో మార్చారు. ఎవరు మార్చారో కూడా ఆమెకు అప్పుడే అర్థమైంది.

"ఈ మాటలు నువ్వు నాకు రాసిస్తావామ్మా? నువ్వు చెప్తే ఒక అమాయకుడు బతుకుతాడు."

శ్రావణి కొంగుతో ముఖం తుడుచుకుంది. "చెప్తా మేడం. నన్ను ఒంటరిగా అడిగితే చెప్తా" అంది.

*

అవుట్‌పోస్టు గదిలో నెహెమ్యా ముందు కృపారాణి ఫోను కెమెరా పెట్టింది. జీవమ్మను కూడా లోపలికి పిలిచి కొడుకు పక్కన కూర్చోబెట్టింది.

"నీ మీద నవ్విన సంగతి నాకు తెలుసు. నువ్వు దాన్ని ముట్టుకోలేదని గూడా తెలుసు. ఒక్కటే అడుగుతాండా. ఆయమ్మ నిచ్చెన కాడ నోట్లో పెట్టుకున్నది మొగునిదే గదా?"

వాడు తల్లి వైపు చూశాడు.

"చెప్పు నాయనా, నీకేం కాదు. నేనుండా. నిజం చెప్పినోణ్ణి జైలుకు పోనియ్యను."

"చెప్పరా" అంది జీవమ్మ. "అక్క అంటాంది గదా."

నెహెమ్యా చేతులు జోడించాడు. "తొందర్లో కుడి పక్కది ఎత్తుకొస్తి అక్కా. ఆయమ్మ నోట్లో పెట్టుకున్నాంక చూసుకుంటి. గుండె గుభేలుమనె. మొగుని ఎంగిలి పెండ్లాం తింటాది గానీ, పెండ్లాం ఎంగిలి మొగుడు ముట్టడు గదా వాళ్ళిండ్లల్లో. అందులోనా ఆ సారు! తెలిస్తే లాంచిలో నన్ను బతకనిస్తాడా? కడుగుదామంటే నేను ముట్టుకుంటే అదింకా పెద్ద తప్పు. ఆయమ్మ దిగననె. సరేలే, ఎట్లా ఆయమ్మది వాడంది అట్లనే ఉండాది గదా, దాన్నే సారుకిస్తే ఎంగిలి ఉండదు, గలాటా ఉండదు అనుకుంటి. రెండు సెట్లూ సిలిండర్లు పట్టుకోని అటుదిటు ఇటుదటు పెడ్తి. ఆయప్ప మడి చెడగూడదనే మార్చినా అక్కా. దేవుని తోడు, వేరే ఏం లేదు."

"నీళ్ళ కింద ఆయప్ప నిన్ను చూసినాడా?"

"లే. గాలి పోయినాంక ఎవరైనా నన్ను గట్టిగా పట్టుకుంటారు. ఆయప్ప నన్ను పట్టుకోలే. నోటి కాడ చెయ్యి పెట్టి తడుముకునె. మల్లా పైకి చూసె. పైన ఆయమ్మ తేలతా ఉండె. ఆయమ్మనే చూస్తా ఉండిపోయె."

కృపారాణి కళ్ళు మూసుకుంది. ఆ మనిషికి అన్నీ తెలిశాయి. నీళ్ళు గొంతులో దిగుతున్న ఆఖరి క్షణంలో, తాను భార్య కోసం కోసిపెట్టిన చావు తన నోటికే వచ్చిందని తెలిసే పోయాడు. భార్య నీళ్ళలో చస్తే గైడు జైలుకు పోతాడు, తాను ఆదోనిలో కాపురం పెట్టుకుంటాడు. అంత నున్నగా కోసుకున్న పథకాన్ని చెడగొట్టింది పగ కాదు, తెలివి కాదు. అవమానం తిన్న ఒక కుర్రాడి భయం, వాడి మర్యాద.

"హంతకుడి కోసం వెతకాల్సిన పని లేదు. వాడు మార్చురీలో ఉండాడు" అంది పైకే.

"ఏమంటివి?"

ఆమె చివ్వున తిరిగింది. గుమ్మంలో తిమ్మయ్య నిలబడి ఉన్నాడు. శవం కాగితాల మీద సంతకం పెట్టడానికి వచ్చాడు. ఆయన వెనక అరుణ్ కుమార్, అతని వెనక బంధువులు, వాళ్ళ మధ్య శ్రావణి. ఎంతసేపు నిలబడ్డారో, ఎంత విన్నారో వాళ్ళ ముఖాలే చెబుతున్నాయి.

"నా కొడుకు హంతకుడా? సచ్చినోని మీద రాళ్ళేస్తాండావా?" తిమ్మయ్య గొంతుకు గది దద్దరిల్లింది. "ఈడు, ఈ నా కొడుకు, సామాన్లు మార్చినా అని ఈడి నోటితో ఈడే చెప్పె గదా! మేమందరం ఇంటిమి. నవ్వినామని పగబట్టి మార్చినాడు!"

"సామీ, నేను మంచికే..." అంటూ నెహెమ్యా లేవబోయాడు. కానిస్టేబుల్ భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"ట్యాగ్ కోసింది మీ కొడుకు. అది మీ కోడలి కోసం పెట్టింది. శ్రావణీ, నువ్వు చెప్పమ్మా. ఆదోని సంగతి చెప్పు. నిన్ను ముందు దిగమన్నాడని చెప్పు" అంది కృపారాణి.

అందరి చూపులూ శ్రావణి మీద పడ్డాయి. ఆమె నెహెమ్యాను చూసింది, జీవమ్మను చూసింది, మామను చూసింది. తిమ్మయ్య కోప్పడలేదు. కోడలి తల మీద చెయ్యి వేసి, చంటిదాన్ని బుజ్జగించినట్టు అన్నాడు. "చెప్పు తల్లీ. నీకు మేం తప్ప ఎవరుండారు? ఇంటికి పోదాం."

"నాకేం తెలీదు" అంది శ్రావణి. "ఆయన నన్ను బాగా చూసుకునేటోడు."

ఆమె గొంతు ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు ఉంది. కృపారాణి ఇంకేదో అడగబోయింది. అప్పటికే బంధువులు శ్రావణిని మధ్యలో పెట్టుకుని బయటికి నడిచారు. తిమ్మయ్య గుమ్మంలో ఆగి, "సీఐ సారూ, ఇంగ నిర్లక్ష్యమని రాస్తే నేనేం చేస్తానో నీకు తెలుసు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అరుణ్ కుమార్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. గెలిచిన ముఖం కాదు అది. అలసిన ముఖం.

"ట్యాగ్ కోసినట్టు నీ కాడ సాక్ష్యముండాది. ఎవరు కోసినారో సాక్ష్యం లేదు. సెట్లు మార్చినట్టు మాత్రం నీ ఫోన్లోనే ఉండాది, వాని నోటితోనే. దాన్ని ఇప్పుడు నువ్వు తుడిపేయలేవు, నేను దాచలేను. పదిమంది ఇన్నారు." అతను ఎఫ్ఐఆర్ కాగితాలు ముందుకు లాక్కున్నాడు. "పొద్దున్నేమో నిర్లక్ష్యం. ఇప్పుడు హత్య. చెప్తే ఇంటివా కృపా?"

"ఇదింకా అయిపోలే అరుణ్. ఆదోనికి పోతా. ఆ బ్లేడు యాడుండాదో, ఆ మౌత్‌పీసులు యాడ కొన్నాడో అంతా తీస్తా."

"తియ్. అందాక వీడు యాడుంటాడో ఆలోచించు. తిమ్మయ్యకు జైల్లో గూడా మనుషులుండారు."

కృపారాణి ఫోను కెమెరా ఆపింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆమె ఎందరినో పట్టుకుంది, కొందరిని తప్పించింది. నిజాన్ని తన చేత్తోనే తీసి ఒక అమాయకుడి మెడకు చుట్టడం ఇదే మొదలు. తన మీద తనకే అసహ్యం వేసింది.

కానిస్టేబుల్ బేడీలు తెచ్చాడు. నెహెమ్యా తనంతట తానే చేతులు ముందుకు చాపాడు. జీవమ్మ కొడుకును చూడడం లేదు, కృపారాణినే చూస్తోంది. ఆ చూపులో తిట్టు లేదు. ఉంటే బాగుండేది.

గుమ్మం దాటుతూ నెహెమ్యా ఒక్క క్షణం ఆగాడు.

"నేను చెప్పననే అనుకున్నా అక్కా" అన్నాడు. "నువ్వు అడిగినావని చెప్పినా."